పురపాలక విద్యుత్ బోర్డు: అమెరికాలో ఛార్జీల నిర్ణయం, ఇంధన ప్రాజెక్టుల ఎంపిక

నగరం గానీ, కౌంటీ గానీ, ఇందుకోసమే ఏర్పడిన ప్రత్యేక జిల్లా గానీ సొంతంగా నడుపుకునే విద్యుత్ సంస్థకు విధానాలు నిర్దేశించే పాలక మండలిని పురపాలక విద్యుత్ బోర్డు అంటారు. వినియోగదారుల నుంచి ఎంత వసూలు చేయాలో తేల్చడం, కరెంటును ఎక్కడ ఉత్పత్తి చేయాలో, ఎవరి దగ్గర, ఎన్నేళ్లకు కొనాలో నిర్ణయించడం దీని ముఖ్య విధులు. లాభం పంచుకునే వాటాదారులు ఉండరు. వచ్చిన ఆదాయంతో నిర్వహణ ఖర్చులు, అప్పుల వాయిదాలు, కొత్త నిర్మాణాలు గడవాలి.

ఈ వ్యాసం ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని వ్యవస్థను వివరిస్తుంది. అక్కడ సుమారు 2,000 ప్రజా విద్యుత్ సంస్థలు ఉన్నాయి. దేశ జనాభాలో దాదాపు ఏడింట ఒక వంతు మందికి అవే కరెంటు సరఫరా చేస్తున్నాయి. హవాయి మినహా అన్ని రాష్ట్రాల్లోనూ ఇవి కనిపిస్తాయి. నెబ్రాస్కాలో ప్రైవేటు పంపిణీ సంస్థ అన్నదే లేదు. లాస్ ఏంజెలెస్, శాన్ ఆంటోనియో, సియాటిల్, ఆస్టిన్, శాక్రమెంటో వంటి పెద్ద నగరాల సంస్థలు వార్తల్లో ఉంటాయి కానీ, వీటిలో ఎక్కువ భాగం కొన్ని వేల కనెక్షన్లకు మించని చిన్న ఊళ్లవే.

సమావేశాల ఎజెండాలో ఛార్జీలు, ప్రాజెక్టులు వేర్వేరు అంశాలుగా ఉంటాయి. లెక్కల్లో మాత్రం అవి విడిపోవు. ఈ ఏడాది పెరిగిన ఛార్జీలో పెద్ద వాటా పదేళ్ల కిందట ఆమోదించిన ఏదో ఒక ప్రాజెక్టు అప్పుదే కావచ్చు. ప్రాజెక్టుకు ఓటు వేసిన రోజున సభామందిరం ఖాళీగా ఉండి, ఛార్జీ పెంచే రోజున కిక్కిరిసిపోవడం ఈ బోర్డుల చరిత్రలో పదే పదే జరిగింది.

చరిత్ర

1880లో ఇండియానా రాష్ట్రంలోని వాబాష్ పట్టణం కోర్టు భవనంపై ఆర్క్ దీపాలు వెలిగించి ఊరంతటికీ విద్యుత్ కాంతి ఇచ్చింది. పురపాలక విద్యుత్తుకు దీన్ని తొలి అడుగుగా చెప్పుకుంటారు. తర్వాతి దశాబ్దాల్లో వీధి దీపాల కోసం మొదలైన చిన్న ప్లాంట్లు ఇళ్లకు, కార్ఖానాలకు సరఫరా చేసే సంస్థలుగా ఎదిగాయి. ప్రైవేటు కంపెనీలు చిన్న ఊళ్లకు తీగలు లాగడానికి ఇష్టపడకపోవడం ఒక కారణం. లాగిన చోట్ల అవి వసూలు చేసే ధరలపై జనం ఆగ్రహం మరో కారణం. సియాటిల్ ఓటర్లు 1902లో జలవిద్యుత్ కేంద్రానికి బాండ్లు ఆమోదించగా, సెడార్ నది మీది ఆ కేంద్రం 1905లో కరెంటు ఇచ్చింది.

ప్రైవేటు కంపెనీల ప్రతిఘటన ఎంత బలంగా ఉండేదో శాక్రమెంటో ఉదంతం చెబుతుంది. కాలిఫోర్నియా 1921లో పురపాలక యుటిలిటీ జిల్లాల చట్టం చేసింది. దాని కింద శాక్రమెంటో మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ (స్మడ్) ఏర్పాటుకు 1923లో ఓటర్లు సమ్మతించారు. అప్పటిదాకా అక్కడ సరఫరా చేస్తున్న పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ (పీజీ అండ్ ఈ) ఆస్తులను స్వాధీనం చేసుకోవడానికి సాగిన న్యాయపోరాటం తెమిలేసరికి 1946 డిసెంబరు 31 వచ్చింది. ఓటుకు, మొదటి బిల్లుకు మధ్య 23 ఏళ్లు గడిచాయి.

పాలన రూపాలు

బోర్డును ఎవరు నియమిస్తారన్నదాన్ని బట్టి మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది, నేరుగా ఎన్నికైన స్వతంత్ర బోర్డు. స్మడ్‌కు ఏడు వార్డుల నుంచి ఏడుగురు డైరెక్టర్లు నాలుగేళ్ల పదవీకాలానికి ఎన్నికవుతారు. నెబ్రాస్కాలోని ఒమాహా పబ్లిక్ పవర్ డిస్ట్రిక్ట్‌కు ఎనిమిది మంది ఉన్నారు. ఈ ఎన్నికల్లో చర్చంతా కరెంటు గురించే కావడం దీని లాభం. కానీ ఓటరు దృష్టి అధ్యక్షుడు, సెనేటర్ల పోటీ మీద ఉండగా, బ్యాలెట్ పత్రంలో చివరి వరసల్లో ఉండే ఈ పదవులను చాలామంది చూడకుండానే వదిలేస్తారు.

రెండోది, నియమిత బోర్డు. లాస్ ఏంజెలెస్ నీటి సరఫరా, విద్యుత్ శాఖకు ఐదుగురు కమిషనర్లను మేయర్ నియమిస్తే నగర మండలి ధ్రువీకరిస్తుంది. అయినా రేట్ల పెంపునకు నగర మండలి ఆమోదం తప్పనిసరి. అక్కడ 2011లో ఓటర్లు నగర చార్టర్‌ను సవరించి, రేట్ల ప్రతిపాదనలను స్వతంత్రంగా పరిశీలించే వినియోగదారుల న్యాయవాది పదవిని ఏర్పాటు చేయించారు. శాన్ ఆంటోనియోలోని సీపీఎస్ ఎనర్జీ మరింత విలక్షణమైనది. దాని ఐదుగురు ట్రస్టీల్లో మేయర్ ఒకరు. ఖాళీ వచ్చినప్పుడు కొత్త ట్రస్టీని మిగిలినవారే ఎంచుకుంటారు, నగర మండలి ధ్రువీకరిస్తుంది.

మూడోది, నగర మండలే బోర్డుగా వ్యవహరించడం. ఆస్టిన్, సియాటిల్, పాలో ఆల్టో ఈ పద్ధతిలో నడుస్తాయి. పౌరులతో కూడిన సలహా సంఘం ముందుగా పరిశీలించి సిఫారసు చేస్తుంది, తుది ఓటు కౌన్సిలర్లది. రోడ్లు, పోలీసులు, పార్కులతోపాటు విద్యుత్ కూడా వాళ్ల పనుల్లో ఒకటి కనుక సాంకేతిక విషయాల్లో సిబ్బంది మాట మీద ఆధారపడడం ఎక్కువ.

మూడింట్లోనూ రోజువారీ నిర్వహణ జనరల్ మేనేజరుదే. ప్రతిపాదన తయారు చేసేది ఆయన కార్యాలయం. ఒప్పుకోవడం, మార్చడం, తిప్పి పంపడం బోర్డు వంతు.

చట్టపరమైన హద్దులు

చాలా రాష్ట్రాల్లో పురపాలక సంస్థల రేట్లపై రాష్ట్ర యుటిలిటీ కమిషన్‌కు అధికారం లేదు. ఓటరు నేరుగా నియంత్రిస్తున్నప్పుడు మరో నియంత్రకుడు ఎందుకన్నది దీని వెనక తర్కం. విస్కాన్సిన్ దీనికి మినహాయింపు. అక్కడ పురపాలక రేట్లు కూడా రాష్ట్ర కమిషన్ ముందుకు వెళ్లాలి. టెనెసీ లోయ అథారిటీ దగ్గర టోకున కొనే నగరాల చిల్లర రేట్లను ఆ అథారిటీయే పర్యవేక్షిస్తుంది. టెక్సాస్‌లో నగర సరిహద్దు బయట ఉండి నగర సంస్థ కరెంటు వాడేవారు తగినన్ని సంతకాలతో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. వాళ్లకు ఆ నగర మండలిలో ఓటు ఉండదు కాబట్టి ఈ వెసులుబాటు.

కమిషన్ లేనంత మాత్రాన బోర్డుకు పగ్గాలు లేవని కాదు. బహిరంగ సమావేశాల చట్టాలు వర్తిస్తాయి. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం సాధారణ సమావేశానికి 72 గంటల ముందే ఎజెండా అతికించాలి, పౌరులకు మాట్లాడే అవకాశం ఇవ్వాలి. అదే రాష్ట్రంలో 2010 నాటి ప్రతిపాదన 26 మేరకు, సేవకయ్యే సహేతుకమైన ఖర్చును మించి వసూలు చేసే రుసుము పన్ను కిందికి వస్తుంది. పన్నుకు ఓటర్ల అనుమతి కావాలి.

వీటన్నిటికన్నా గట్టి పగ్గం బాండ్ల ఒప్పందం. అప్పు తీసుకునేటప్పుడు, వాయిదాలకు సరిపడా ఆదాయం వచ్చేలా రేట్లు ఉంచుతామని బోర్డు బాండ్లు కొన్నవారికి రాసిస్తుంది. ఎన్నికల్లో ఛార్జీలు పెంచబోమని మాట ఇచ్చి గెలిచిన డైరెక్టరు, మొదటి బడ్జెట్ సమావేశంలోనే ఈ నిబంధనతో ముఖాముఖి అవుతారు.

ఛార్జీల నిర్ణయం

ఈ ప్రక్రియలో మూడు దశలు ఉంటాయి. మొదట మొత్తం ఎంత కావాలో లెక్కిస్తారు. దీన్ని ఆదాయ అవసరం అంటారు. కొనుగోలు చేసే కరెంటు, ఇంధనం, జీతాలు, తీగల మరమ్మతు, అప్పుల అసలు, వడ్డీ, అప్పు లేకుండా సొంత నిధులతో చేసే నిర్మాణాలు, నిల్వ నిధికి జమ ఇందులో చేరతాయి. అప్పుల వాయిదాకు ఎన్ని రెట్ల నికరాదాయం మిగులుతోంది, చేతిలో ఎన్ని రోజుల ఖర్చులకు సరిపడా నగదు ఉంది అన్న రెండు కొలతలను రేటింగ్ సంస్థలు నిశితంగా చూస్తాయి. అవి రేటింగ్ తగ్గిస్తే తర్వాతి ప్రాజెక్టుకు వడ్డీ పెరుగుతుంది. ఆ వడ్డీ మళ్లీ ఛార్జీలోకే వస్తుంది.

రెండో దశ, ఆ మొత్తాన్ని ఎవరి మీద ఎంత వేయాలన్నది. సేవా వ్యయ అధ్యయనం పేరుతో నిపుణులు ఖర్చులను మూడుగా విడదీస్తారు: గరిష్ఠ డిమాండ్ తట్టుకోవడానికి అయ్యేవి, వాడిన యూనిట్లను బట్టి పెరిగేవి, మీటరు, బిల్లు వంటి ప్రతి కనెక్షనుకూ తప్పనివి. వాటిని ఇళ్లు, దుకాణాలు, పరిశ్రమలు అనే వర్గాలకు పంచుతారు. ఇది శుద్ధ గణితంలా కనిపించినా కాదు. ఏడాదిలో అత్యధిక డిమాండ్ ఉన్న ఒక్క గంటను ఆధారంగా తీసుకుంటే ఇళ్ల మీద భారం ఎక్కువ పడవచ్చు. పన్నెండు నెలల గరిష్ఠాల సగటు తీసుకుంటే పరిశ్రమల వాటా పెరగవచ్చు. రెండు పద్ధతులూ వృత్తిలో ఆమోదం ఉన్నవే. అందుకే పెద్ద వినియోగదారులు, ఇళ్ల తరఫు న్యాయవాదులు తమ తమ నిపుణులను పెట్టుకుని ఈ అధ్యయనంపైనే వాదిస్తారు. ఆస్టిన్‌లో 2016, 2022 సమీక్షల్లో నగరం ఒక నిష్పాక్షిక విచారణాధికారిని, ఇళ్లు, చిన్న వ్యాపారాల తరఫున ఒక స్వతంత్ర వాదిని నియమించి, కోర్టు తరహాలో వాదనలు విన్నాకే నగర మండలి ఓటు వేసింది.

మూడో దశ రేటు రూపకల్పన. నెలవారీ స్థిర ఛార్జీ ఎంత, యూనిట్ ధర ఎంత, శ్లాబులు ఉండాలా, వేళను బట్టి మారాలా అన్నవి ఇక్కడ తేలతాయి. 1961లో జేమ్స్ బాన్‌బ్రైట్ రాసిన యుటిలిటీ రేట్ల సూత్రాల గ్రంథం ఇప్పటికీ ఈ చర్చలకు ఆధారం. తగినంత ఆదాయం, వర్గాల మధ్య న్యాయం, పొదుపుకు ప్రోత్సాహం, అర్థమయ్యే సరళత అన్నీ కావాలని అది చెబుతుంది. ఇవి ఒకదానికొకటి అడ్డుపడతాయన్నదే బోర్డుల అసలు చిక్కు.

స్థిర ఛార్జీపై వివాదం

ఒమాహా బోర్డు 2015 చివర్లో తీసుకున్న నిర్ణయం దీనికి మంచి ఉదాహరణ. ఇళ్ల నెలవారీ సేవా ఛార్జీని 10.25 డాలర్ల నుంచి అంచెలంచెలుగా 30 డాలర్లకు పెంచి, దానికి తగ్గట్టు యూనిట్ ధర తగ్గించడానికి ఆమోదించింది. మొత్తం ఆదాయం పెరగదు కాబట్టి ఇది పెంపు కాదని సంస్థ వాదన. స్తంభాలు, తీగల ఖర్చు వాడకంతో సంబంధం లేకుండా అందరికీ ఉంటుందన్నది సమర్థన. తక్కువ కరెంటు వాడే పేద కుటుంబం బిల్లు పెరిగి, పెద్ద ఇంటి బిల్లు తగ్గుతుందని, పొదుపు చేసినవారికి ఫలితం దక్కదని వ్యతిరేకుల వాదన. రెండు వైపులా చెప్పింది అంకెల పరంగా నిజమే. ఖర్చును బట్టి వసూలు చేయడమా, భరించే శక్తిని బట్టి చేయడమా అన్నది మాత్రం అంకెలు తేల్చే విషయం కాదు. బోర్డు ఉన్నది అందుకే.

వేళల వారీ ధరలు, సౌర ఛార్జీలు

స్మడ్ 2012, 2013 వేసవుల్లో వేల ఇళ్లపై ప్రయోగాత్మకంగా వేళల ధరలు అమలు చేసి, ఫలితాలు చూశాకే 2017లో అందరికీ విస్తరించాలని నిర్ణయించింది. పని దినాల్లో సాయంత్రం 5 నుంచి 8 వరకు యూనిట్ ధర ఎక్కువ, వేసవిలో మరీ ఎక్కువ. ఎండ వాలి సౌర ఉత్పత్తి పడిపోయే వేళకే ఇళ్లలో ఏసీలు నడుస్తుంటాయి. ఖరీదైన కరెంటు కొనాల్సి వచ్చేది ఆ మూడు గంటల్లోనే. శాక్రమెంటో పక్కనే ఇంటెల్ కేంద్రం ఉన్న ఫోల్సమ్ కూడా స్మడ్ పరిధిలోదే. అక్కడి తెలుగు కుటుంబాలు బట్టలుతికే యంత్రాన్ని, కారు ఛార్జింగును ఎనిమిది దాటాక మొదలుపెట్టడానికి వెనక ఉన్నది ఈ బోర్డు ఓటే.

ఇంటి పైకప్పు సౌర ఫలకాల విషయంలో అదే బోర్డు వెనకడుగు వేయాల్సి వచ్చింది. కొత్త సౌర వినియోగదారులపై గ్రిడ్ ఛార్జీ విధించాలని 2019లో సిబ్బంది ప్రతిపాదించగా నిరసన వెల్లువెత్తి ప్రతిపాదన ఉపసంహరించారు. రెండేళ్ల సంప్రదింపుల తర్వాత 2021 సెప్టెంబరులో మరో రూపం ఆమోదం పొందింది: గ్రిడ్ ఛార్జీ లేదు, కానీ గ్రిడ్‌కు పంపే ప్రతి యూనిట్‌కు చిల్లర ధరకు బదులు 7.4 సెంట్లే చెల్లించాలని నిర్ణయించారు. ఇది 2022 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది.

విచారణ, సర్దుబాట్లు

స్మడ్ పద్ధతిలో జనరల్ మేనేజర్ ముందుగా రేట్ల నివేదిక ప్రచురిస్తారు. ప్రజా సదస్సులు, లిఖితపూర్వక అభిప్రాయాల గడువు, బహిరంగ విచారణ ముగిశాక బోర్డు తీర్మానం చేస్తుంది. పీజీ అండ్ ఈ రేట్లకన్నా సగటున 18 శాతం తక్కువగా ఉండాలన్న లక్ష్యాన్ని బోర్డు తనకు తాను పెట్టుకుంది. పొరుగు ప్రైవేటు సంస్థ ధరే కొలబద్ద అయినప్పుడు, ఆ ధర పెరుగుతున్న కొద్దీ లక్ష్యం తేలికవుతుందన్నది గమనించదగ్గది.

ఏటా మారే ఇంధన ధరలకు, వానలకు విడి ఏర్పాట్లు ఉంటాయి. సియాటిల్ సిటీ లైట్ 2010లో రేట్ల స్థిరీకరణ నిధి ఏర్పాటు చేసుకుంది. నదుల్లో నీరు తగ్గి టోకు అమ్మకాల ఆదాయం పడిపోయినప్పుడు నిధి నిర్ణీత స్థాయికి దిగితే, మళ్లీ ఓటు అవసరం లేకుండా బిల్లుపై సర్‌ఛార్జీ పడుతుంది. తెలుగు రాష్ట్రాల పాఠకులకు తెలిసిన ఇంధన సర్దుబాటు ఛార్జీకి ఇది దగ్గరి బంధువు.

ఇంధన ప్రాజెక్టుల ఎంపిక

ప్రతి కొన్నేళ్లకూ సంస్థ సమగ్ర వనరుల ప్రణాళిక తయారు చేస్తుంది. రాబోయే 10–20 ఏళ్ల డిమాండ్ అంచనా, మూతపడే ప్లాంట్లు, ఉద్గారాల నిబంధనలు, కొత్త లైన్ల లభ్యత కలిపి అనేక ప్రత్యామ్నాయాలను కంప్యూటర్ నమూనాల్లో పోల్చి చూస్తారు. బోర్డు వాటిలో ఒక దిశను ఎంచుకుంటుంది. స్మడ్ బోర్డు 2020 జులైలో వాతావరణ అత్యవసర స్థితి ప్రకటించి, 2030 నాటికి విద్యుత్ సరఫరా నుంచి కర్బన ఉద్గారాలను పూర్తిగా తొలగించే ప్రణాళికను 2021 ఏప్రిల్‌లో ఆమోదించింది. ఒమాహాలో దీనికి భిన్నమైన అనుభవం. ఉత్తర ఒమాహా కేంద్రంలో 2023 కల్లా బొగ్గు ఆపాలని తీర్మానించిన బోర్డు, బదులుగా రావాల్సిన ప్లాంట్లు గ్రిడ్‌కు అనుసంధానం కావడంలో జాప్యం వల్ల 2022లో గడువును 2026కు జరిపింది.

ప్రాజెక్టు చేతికి వచ్చే దారులు ప్రధానంగా మూడు: సొంత నిర్మాణం, ప్రైవేటు సంస్థతో దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందం, ఇతర నగరాలతో కలిసి ఉమ్మడి సంస్థ ద్వారా వాటా. బాండ్ల వడ్డీపై పన్ను మినహాయింపు ఉండడం వల్ల పురపాలక సంస్థలకు అప్పు చవక. కానీ పన్ను కట్టని సంస్థలు గాలి, సౌర ప్రాజెక్టులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పన్ను రాయితీని వాడుకోలేక, ప్రైవేటు కంపెనీ కట్టిన ప్లాంటు నుంచే కొనేవి. 2022 నాటి ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం ఆ రాయితీని నగదుగా చెల్లించే ఏర్పాటు చేయడంతో సొంత నిర్మాణం వైపు మొగ్గు పెరిగింది. 2025 జులైలో వచ్చిన చట్టం గాలి, సౌర రాయితీల గడువును బాగా కుదించడంతో లెక్కలు మళ్లీ మారాయి.

ఉమ్మడి ప్రాజెక్టుల్లో గమనించాల్సిన షరతు ఒకటి ఉంది. ప్లాంటు నడిచినా నడవకపోయినా, అసలు పూర్తి కాకపోయినా తన వాటా సొమ్ము కడతానని ప్రతి నగరం ఒప్పుకునే నిబంధన అది. అప్పు ఇచ్చేవారికి అది భరోసా. సంతకం పెట్టిన ఊరికి అది దశాబ్దాల బాధ్యత.

ప్రధాన ఉదంతాలు

వాషింగ్టన్ రాష్ట్ర అణు ప్రాజెక్టులు. 1970ల్లో వాషింగ్టన్ ప్రజా విద్యుత్ సరఫరా వ్యవస్థ ఐదు అణు కేంద్రాలు తలపెట్టింది. నాలుగు, ఐదు యూనిట్లలో 88 సంస్థలు పైన చెప్పిన షరతుతోనే వాటాలు తీసుకున్నాయి. డిమాండ్ ఏటా పెరుగుతూనే ఉంటుందన్న అంచనా వాటికి ఆధారం. సియాటిల్‌కూ వాటా ఇవ్వజూపారు. నగరం ఆ అంచనాను అలాగే స్వీకరించకుండా ‘ఎనర్జీ 1990’ పేరుతో సొంత అధ్యయనం చేయించింది. పొదుపు చర్యలతోనే అవసరం తీరుతుందని అది చెప్పగా 1976లో నగర మండలి ఆ రెండు యూనిట్లలో చేరరాదని నిర్ణయించింది. ఖర్చులు అదుపు తప్పి 1982 జనవరిలో ఆ యూనిట్లు రద్దయ్యాయి. వాటాలపై సంతకం చేసే అధికారమే తమ రాష్ట్ర సంస్థలకు లేదని వాషింగ్టన్ సుప్రీంకోర్టు 1983లో తీర్పు చెప్పడంతో 225 కోట్ల డాలర్ల బాండ్లు ఎగవేతకు గురయ్యాయి. అప్పటికి పురపాలక బాండ్ల చరిత్రలో అంత పెద్ద ఎగవేత లేదు. ఐదింట పూర్తయింది ఒక్కటే. ఈ వ్యాస పరిధిలోని ఉదంతాల్లో 1976 నాటి సియాటిల్ ఓటుకన్నా విలువైన కౌన్సిల్ ఓటు కనిపించదు.

రాంచో సెకో. స్మడ్ నిర్మించిన 913 మెగావాట్ల ఈ అణు కేంద్రం 1975లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. తరచూ నిలిచిపోయేది. 1985 డిసెంబరులో నియంత్రణ వ్యవస్థకు విద్యుత్ పోయి రియాక్టరు అతిగా చల్లబడిన ఘటన తర్వాత రెండేళ్లకు పైగా మూతపడింది. మరమ్మతు ఖర్చు ఒకవైపు, బయట కొన్న కరెంటు ఖర్చు మరోవైపు ఛార్జీలను పలుమార్లు పెంచాయి. 1988లో ఓటర్లు స్వల్ప తేడాతో మరో అవకాశం ఇచ్చారు. 1989 జూన్ 6న జరిగిన రెండో ఓటింగులో మూసేయాలని తీర్పు ఇవ్వగా, మర్నాడే కేంద్రాన్ని ఆపేశారు. నడుస్తున్న అణు కేంద్రాన్ని ప్రజాభిప్రాయ సేకరణతో మూసిన అరుదైన సందర్భమిది. తర్వాత జనరల్ మేనేజరుగా వచ్చిన ఎస్. డేవిడ్ ఫ్రీమన్ పొదుపునే విద్యుత్ కేంద్రంగా లెక్కగట్టే విధానం తెచ్చారు. ఇళ్ల పడమటి గోడలకు నీడ ఇచ్చేలా ఉచితంగా మొక్కలు నాటించే కార్యక్రమం 1990లో మొదలైంది. కేంద్రం స్థలంలో ఇప్పుడు 160 మెగావాట్ల సౌర క్షేత్రం ఉంది. వాడిన అణు ఇంధనం మాత్రం ఇంకా అక్కడే నిల్వ ఉంది.

శాన్ ఆంటోనియో. సౌత్ టెక్సాస్ అణు కేంద్ర విస్తరణకు 40 కోట్ల డాలర్ల బాండ్లపై 2009 అక్టోబరులో నగర మండలి ఓటు వేయబోతుండగా, నిర్మాణ ఖర్చు తమకు చెప్పినదానికన్నా వందల కోట్ల డాలర్లు ఎక్కువని, ఆ సంగతి సీపీఎస్ అధికారుల్లో కొందరికి ముందే తెలుసని బయటపడింది. ఓటు వాయిదా పడింది; మరుసటి ఏడాది సంస్థ కొద్దిపాటి వాటా మిగుల్చుకుని విస్తరణ నుంచి తప్పుకుంది. సిబ్బంది ఇచ్చే సమాచారమే కళ్లుగా ఉన్న బోర్డుకు ఎదురయ్యే ప్రమాదం ఇక్కడ స్పష్టం.

యూటా చిన్న రియాక్టర్లు. యూటా, పొరుగు రాష్ట్రాల పురపాలక సంస్థల కూటమి నూస్కేల్ కంపెనీ రియాక్టర్లతో ఐడహోలో 462 మెగావాట్ల కేంద్రం తలపెట్టింది. ఇందులో నగరాలు నిర్ణీత దశల్లో తప్పుకునే వీలు పెట్టుకున్నాయి. మెగావాట్ గంటకు 58 డాలర్లన్న లక్ష్య ధర 2023 జనవరికి 89 డాలర్లకు చేరింది. తగినన్ని వాటాలు అమ్ముడుపోక అదే ఏడాది నవంబరులో ప్రాజెక్టు రద్దయింది. తప్పుకునే దారి లేకపోతే ఏమవుతుందో జాక్సన్‌విల్ అనుభవం చెబుతుంది. జార్జియాలోని వోగ్టిల్ అణు కేంద్రం నుంచి కొనేందుకు 2008లో చేసుకున్న ఒప్పందం చెల్లదని ఆ నగర సంస్థ 2018లో కోర్టుకెక్కింది. 2020లో కోర్టు ఒప్పందం చెల్లుతుందనే తేల్చింది.

నగర ఖజానాకు బదిలీలు

చాలా నగరాలు తమ విద్యుత్ సంస్థ ఆదాయంలో కొంత భాగాన్ని సాధారణ నిధికి మళ్లిస్తాయి. ప్రైవేటు కంపెనీ అయితే పన్ను కట్టేది కదా అన్నది సమర్థన. పోలీసులు, గ్రంథాలయాల ఖర్చును కరెంటు బిల్లులో కలిపి వసూలు చేయడం దొంగచాటు పన్ను అన్నది విమర్శ. కాలిఫోర్నియాలోని రెడ్డింగ్ నగరంపై వచ్చిన కేసులో, టోకు అమ్మకాల వంటి ఇతర ఆదాయం ఆ బదిలీకి సరిపోతున్నందున వినియోగదారుల రేటు ఖర్చును మించలేదని, అది పన్ను కాదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది.

విమర్శలు

తక్కువ ఓట్లతో గెలిచే డైరెక్టర్లు, సాంకేతిక నైపుణ్యం లేని కౌన్సిలర్లు, ఎన్నికల ఏడాదిలో పెంపు వాయిదా వేసి తర్వాత ఒక్కసారిగా మోపడం సాధారణంగా వినిపించే ఆరోపణలు. జాక్సన్‌విల్ సంస్థ జేఈఏను అమ్మేందుకు 2019లో జరిగిన ప్రయత్నం అధికారులకు భారీ బోనస్‌లు దక్కేలా రూపొందించిన పథకంతో ముడిపడి ఉందని తేలి రద్దయింది. అప్పటి ముఖ్య కార్యనిర్వహణాధికారి 2024లో దోషిగా తేలారు. మరోపక్క, ప్రైవేటు వాటాదారులకు లాభం ఇవ్వనక్కర్లేకపోవడం వల్ల చాలా పురపాలక సంస్థల రేట్లు పొరుగు కంపెనీలకన్నా తక్కువగా ఉన్నాయి.

భారతదేశంలో, తెలుగు రాష్ట్రాల్లో

భారతదేశంలో పంపిణీ సంస్థ యజమాని ఎవరైనా, చిల్లర టారిఫ్‌ను నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (చూ. విద్యుత్ చట్టం, 2003). ముంబయిలో 1947లో నగరపాలక సంస్థ అధీనంలోకి వచ్చిన బెస్ట్, కేరళలో త్రిసూర్ నగరపాలక సంస్థ విద్యుత్ విభాగం పురపాలక యాజమాన్యంలో ఉన్నా, రేట్ల కోసం తమ రాష్ట్ర మండలుల ముందుకే వెళ్లాలి. పంపిణీ సంస్థలు (డిస్కంలు) వార్షిక ఆదాయ అవసర నివేదిక సమర్పిస్తాయి, మండలి అభ్యంతరాలు ఆహ్వానించి బహిరంగ విచారణ జరుపుతుంది, 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. రాష్ట్ర ప్రభుత్వం ఏదైనా వర్గానికి తక్కువ ధరకు ఇప్పించదలిస్తే ఆ సబ్సిడీ మొత్తాన్ని ముందుగా చెల్లించాలని చట్టంలోని 65వ సెక్షన్ చెబుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 సంస్కరణల చట్టంతో 1999లో నియంత్రణ మండలి ఏర్పడింది. 2000 మే నెలలో వచ్చిన తొలి టారిఫ్ ఉత్తర్వుపై రాష్ట్రమంతటా ఉద్యమం సాగి, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు దారితీసింది. ఉత్తర్వు మండలిదే అయినా జనాగ్రహం ప్రభుత్వం మీదికే మళ్లింది. ఎన్నికైన బోర్డున్న చోట నిర్ణయించేవారికి, ఆగ్రహం చవిచూసేవారికి మధ్య ఈ దూరం ఉండదు. ఓటు వేసిన డైరెక్టరు పేరు తీర్మానంలోనే ఉంటుంది.

అమెరికా నమూనాకు తెలుగు నేలపై అత్యంత సమీపంగా ఉన్నది సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం (సెస్). అమెరికా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల అనుభవంతో, వాటి సాంకేతిక సహాయంతో భారతదేశంలో ఏర్పాటైన తొలి ఐదు సంఘాల్లో ఇది ఒకటి. 1970లో మొదలైన ఈ సంఘం మరమగ్గాలకు, వ్యవసాయ పంపుసెట్లకు, ఇళ్లకు సరఫరా చేస్తోంది. డైరెక్టర్లను సభ్యులైన వినియోగదారులే ఎన్నుకుంటారు. అయితే సంఘం సొంతంగా ఉత్పత్తి చేయదు, ఉత్తర డిస్కం నుంచి టోకున కొంటుంది. దాని వినియోగదారులు చెల్లించే టారిఫ్‌ను హైదరాబాద్‌లోని నియంత్రణ మండలే ఖరారు చేస్తుంది.